జున్నులా గడ్డకట్టిన స్లర్రీ, 290 దగ్గర పెద్ద పీక్: ఆ పొడి మీద ఏముంది?

కాకినాడ నుంచి ఎం.ఎస్సీ. చదువుతున్న అమ్మాయి అడిగింది క్లుప్తంగా ఇది: మే నెలలో ఎన్‌ఎంసీ-811 (నికెల్ ఎక్కువున్న నికెల్-మాంగనీస్-కోబాల్ట్ లిథియం ఆక్సైడ్, బ్యాటరీ ధనధ్రువానికి వాడేది) క్యాథోడ్ పొడి సీసా విప్పారు. మూత బిగించి అల్మారాలో పెట్టి, కావలసినప్పుడల్లా తీసి వాడారు. ఆగస్టులో పీవీడీఎఫ్ బైండరు (రేణువులను అతికించే ఫ్లోరిన్ ప్లాస్టిక్), ఎన్‌ఎంపీ ద్రావకంతో కలిపితే స్లర్రీ (పూత ముద్ద) అరగంటలో జున్నులా గడ్డకట్టింది. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూసే ఎక్స్-కిరణ పరీక్ష) పొడి శుభ్రంగా ఉంది. ఎక్స్‌పీఎస్‌కి (ఉపరితలం మీద ఏ మూలకాలు ఏ రూపంలో ఉన్నాయో చూసే పరీక్ష) పంపితే 290 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గర పెద్ద కార్బన్ పీక్ వచ్చింది, నికెల్ పీక్ మాత్రం పీలగా ఉంది. "పొడి నకిలీదా సార్? ఆర్గాన్‌తో పైపొర చెక్కించి మళ్ళీ తీయించమని మా గైడ్ గారు అంటున్నారు. తీయించమంటారా?"

అమ్మా, పొడి నకిలీది అయ్యుండదు. ఎక్స్‌ఆర్‌డీ బాగుందన్నారు కాబట్టి లోపలి సరుకు సరుకే. మూత తీసిన ప్రతిసారీ మన కోస్తా గాలి దాన్ని కాస్త కాస్త తిన్నది, అంతే. ఆర్గాన్ సంగతి ఇప్పుడే వద్దు. మీ గైడ్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ పదార్థం విషయంలో చెక్కుడు వల్ల లేని పీక్‌లు పుట్టుకొస్తాయి. ముందు మీ కాలేజీ ల్యాబులో ఉన్న బ్యూరెట్ కడగండి. ఎందుకో చెప్పడానికి కొంచెం పొడుగ్గానే రాయాలి.

నాది అమలాపురం దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళకు పైగా బ్యాటరీ పదార్థాలతోనే గడిచింది. మీ పొడికి ఏం జరిగిందో మా మామ్మ సున్నం డబ్బీలో చిన్నప్పుడే చూశాను. తమలపాకుల పళ్ళెంలో ఆ డబ్బీ మూత సరిగా పెట్టకపోతే నాలుగు రోజులకు సున్నం మీద గట్టి పెచ్చు కట్టేది. గోటితో గీరి పక్కకు తీసి, కింద ఉన్న మెత్తటి సున్నం ఆకుకు రాసేది. ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రాక్సైడ్ పట్టుకుంటే వచ్చేది. మీ సీసాలో కాల్షియం బదులు లిథియం. తేడా ఒక్కటే, మామ్మకు పెచ్చు కంటికి కనిపించేది. మీకు కనిపించదు.

క్యాథోడ్ పొడిని కొలిమిలో కాల్చేటప్పుడు లిథియం కొంత ఆవిరై పోతుందని ముందే కాస్త ఎక్కువ వేస్తారు. మిగిలినది రేణువుల మీద హైడ్రాక్సైడ్‌గా, కార్బొనేట్‌గా ఉండిపోతుంది. దానికి తోడు నికెల్ ఎక్కువైన కొద్దీ రేణువు ఉపరితలానికి నిలకడ తగ్గుతుంది. పైనున్న మూడు ఆవేశాల నికెల్ రెండుకు దిగిపోవాలని చూస్తుంది, ఆ వెంట లోపలి లిథియం కూడా బయటికి వస్తుంది. తేమ, కార్బన్ డయాక్సైడ్ రెండూ దొరికితే ఇక ఆగదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే కదా అనుకోకండి, మూడు నెలల పాటు సీసా తెరుస్తూ మూస్తూ ఉంటే అది చాలు. తేమ సంగతి నేను చెప్పేదేముంది? శ్రావణంలో కాకినాడలో ఉతికిన బట్టలు రెండు రోజులకు గాని ఆరవు. బ్యాటరీ కర్మాగారాల్లో ఇలాంటి పొడిని వాడే గదుల్లో మంచుబిందు ఉష్ణోగ్రత (ఇది ఎంత తక్కువైతే గాలి అంత పొడి) మైనస్ 40 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మన అల్మారాకూ ఆ గదికీ ఉన్న దూరమే మీ 290 పీక్.

స్లర్రీ గడ్డకట్టడం కూడా ఇదే కథలో భాగం. లిథియం హైడ్రాక్సైడ్ గట్టి క్షారం. పీవీడీఎఫ్ గొలుసులోంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను ఊడబెరుకుతుంది. ఊడినచోట జంట బంధాలు ఏర్పడతాయి, గొలుసులు ఒకదానికొకటి అల్లుకుంటాయి, ముద్ద గడ్డకడుతుంది. క్షారం ఎక్కువైతే బైండరు గోధుమ రంగుకు తిరుగుతుంది కూడా. ఎన్‌ఎంసీ నల్లగా ఉంటుంది కాబట్టి ఆ రంగు మీ కంట పడి ఉండదు. సరదాగా చూడాలంటే పీవీడీఎఫ్ ద్రావణంలో చిటికెడు లిథియం హైడ్రాక్సైడ్ విడిగా వేసి చూడండి.

"ఓవెన్‌లో 120 దగ్గర రాత్రంతా ఆరబెట్టాం సార్" అని మీ ప్రశ్న చివర రాశారు. దానివల్ల నీరు పోయింది. కార్బొనేట్ ఎక్కడికీ పోలేదు, దాని ద్రవీభవన స్థానమే 723 డిగ్రీలు. మెత్తబడిన అప్పడాన్ని ఎండలో పెడితే మళ్ళీ కరకరలాడుతుంది గాని, గట్టిపడ్డ సున్నం పెచ్చు ఎండలో పెడితే మళ్ళీ సున్నం అవదు కదా.

ఇప్పుడు బ్యూరెట్. డిగ్రీలో సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్ మిశ్రమానికి రెండు సూచికలతో టైట్రేషన్ చేసే ఉంటారు. పరిశ్రమలో మిగులు లిథియం కొలిచేది కూడా ఆ పద్ధతితోనే, కాకపోతే అక్కడ యంత్రం పీహెచ్ చూస్తూ చేస్తుంది. నీళ్ళు ముందు బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చండి, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోవాలి. 5 గ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలో వేసి సరిగ్గా 5 నిమిషాలు కలపండి, వెంటనే వడకట్టండి. వాచీ చూసుకుని చేయాలి. నీళ్ళలో ఎక్కువసేపు ఉంచితే స్ఫటికం లోపలి లిథియం బయటికి వచ్చి ఆ జాగాలో ప్రోటాన్ చేరుతుంది. అప్పుడు మీరు కొలిచేది పైపొరను కాదు, మీరు చేసిన నష్టాన్ని.

ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవి. వడకట్టిన దాంట్లో 50 మిల్లీలీటర్లు తీసుకున్నారు, అంటే 2.5 గ్రాముల పొడి వంతు. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఫినాఫ్తలీన్ గులాబీ రంగు పోవడానికి 6 మిల్లీలీటర్లు పట్టింది. తర్వాత మిథైల్ ఆరెంజ్ వేసి రంగు తిరగడానికి ఇంకో 4 పట్టింది. రెండో అంకె మొత్తం కార్బొనేట్‌ది: 0.4 మిల్లీమోల్, 73.9తో గుణిస్తే 29.6 మిల్లీగ్రాములు, అంటే పొడిలో సుమారు 1.2 శాతం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిన 2 మిల్లీలీటర్లు హైడ్రాక్సైడ్‌వి: 4.8 మిల్లీగ్రాములు, 0.2 శాతం కన్నా కాస్త తక్కువ. పొడితో పాటు వచ్చిన పరీక్ష పత్రంలో ఈ రెండు విలువలూ సాధారణంగా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే నేరం సరుకుదా, అల్మారాదా అన్నది తేలిపోతుంది. ఎక్స్‌పీఎస్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఇక్కడ ఆగి ఇంకో చిన్న లెక్క. ఆ 1.2 శాతం కార్బొనేట్‌ను రేణువులన్నిటి మీదా సమంగా పూస్తే పొర ఎంత మందం వస్తుంది? పొడి ఉపరితలం గ్రాముకు అర చదరపు మీటరు అనుకుందాం (మీ పత్రంలో బీఈటీ విలువ, అంటే కొలిచిన ఉపరితల వైశాల్యం, ఉంటే అది వేసుకోండి). లిథియం కార్బొనేట్ సాంద్రత 2.1. గ్రాము పొడి మీద 12 మిల్లీగ్రాములు అంటే 5.7 ఘన మిల్లీమీటర్లు. దాన్ని అర చదరపు మీటరుతో భాగిస్తే దాదాపు 11 నానోమీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు దీనితోనే పని.

ఎక్స్‌పీఎస్ యంత్రం అల్యూమినియం ఎక్స్-కిరణాలు వేస్తుంది, ఒక్కో కిరణానికి శక్తి 1486.6 ఈవీ. కిరణాలు లోతుకే వెళతాయి, కాని అవి కొట్టిన ఎలక్ట్రాన్లు దారిలో దేనికీ గుద్దుకోకుండా బయటపడాలంటే పైపైనే పుట్టి ఉండాలి. నికెల్ 2పి ఎలక్ట్రాన్ (2పి, 3పి, 1ఎస్ అనేవి పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే కక్ష్యల పేర్లు) ఇంచుమించు 630 ఈవీతో బయలుదేరుతుంది. అది గుద్దుకోకుండా వెళ్ళే సగటు దూరం దాదాపు 2 నానోమీటర్లు. సిగ్నల్‌లో 95 శాతం పై 6 నానోమీటర్ల నుంచే వస్తుందన్నమాట. ఆత్రేయపురం పూతరేకును విప్పకుండా పైరేకు చూసి లోపల బెల్లమో పంచదారో చెప్పమంటే ఎలా ఉంటుందో అలా. ఎక్స్‌ఆర్‌డీ మొత్తం డబ్బానే తూకం వేస్తుంది, అందుకే దానికి ఒక శాతం పెచ్చు ఆనలేదు. రెండు యంత్రాలూ మీకు నిజమే చెప్పాయి.

సరే, 11 నానోమీటర్ల సమమైన పొర ఉండి ఉంటే కింది నికెల్ సిగ్నల్ వెయ్యింట నాలుగు వంతులకు పడిపోవాలి, అంటే ఆనవాలే ఉండకూడదు. మీకు పీలగానైనా వచ్చింది. టైట్రేషన్‌లో నిజంగానే ఒక శాతం చిల్లర కార్బొనేట్ తేలితే దీని అర్థం పొర సమంగా లేదని. వానాకాలం గోడ మీద బూజు మచ్చల్లాగా ఒకచోట దిబ్బగా, ఇంకోచోట పలచగా ఉంది. టైట్రేషన్‌లో 0.3 శాతమే వస్తే కథ వేరు, అప్పుడు పలచటి పొర అంతటా ఉండే వీలుంది. చూశారా, పాతకాలపు పద్ధతిలా కనిపించే బ్యూరెట్ లేకపోతే ఎక్స్‌పీఎస్ చిత్రానికి అర్థం సగమే.

మీ డేటాలోనే దీన్ని సరిచూసే ఇంకో దారి ఉంది, ఎందుకో చాలామంది వాడరు. నికెల్‌కు 67 ఈవీ దగ్గర 3పి పీక్ కూడా ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్లు 1420 ఈవీతో బయలుదేరుతాయి కాబట్టి ఎక్కువ లోతు నుంచి రాగలవు. సమమైన పొర కప్పితే 2పి బాగా నలిగిపోతుంది, 3పి అంతగా నలగదు. మచ్చలు మచ్చలుగా ఉంటే రెండూ ఒకే వంతున తగ్గుతాయి. ఒకే మూలకానికి రెండు లోతుల కొలతలు, అదనపు ఖర్చు లేకుండా. 45 నుంచి 75 ఈవీ దాకా ఒకే స్కాన్ తీయించి ఉంటే అందులోనే 55 దగ్గర లిథియం, 60 దగ్గర కోబాల్ట్, 67 దగ్గర నికెల్ వరసగా ఉంటాయి. లిథియం 1ఎస్ పీక్ స్వతహాగా చాలా బలహీనం, ఆపరేటరు త్వరత్వరగా తీస్తే రొదలో కలిసిపోతుంది. దానికి ఎక్కువసేపు స్కాన్ పెట్టమని ముందే అడగాలి.

290 పీక్ కార్బొనేట్‌దే అని ఎలా నమ్మాలి? ఒంటరి పీక్‌ను నేను ఎప్పుడూ నమ్మను. కార్బొనేట్ అయితే ఆక్సిజన్ 1ఎస్‌లో 532 చుట్టుపక్కల దానికి జోడు ఉండాలి, వైశాల్యాలకు సెన్సిటివిటీ ఫ్యాక్టర్లు (ఒక్కో మూలకం పీక్ సహజ బలాన్ని సరిదిద్దే అంకెలు) వేశాక కార్బన్ ఒకటికి ఆక్సిజన్ మూడు, లిథియం రెండు రావాలి. మూడు కంటే ఆక్సిజన్ బాగా ఎక్కువ వస్తే హైడ్రాక్సైడ్ కూడా అక్కడే కూర్చుందని అర్థం, రెండూ దగ్గర దగ్గరగానే వస్తాయి. స్ఫటికం లోపలి ఆక్సిజన్ 529 దగ్గర విడిగా చిన్నగా కనిపించాలి. నమూనా చార్జ్ అయితే పీక్‌లన్నీ కలిసి జరుగుతాయి, వాటి మధ్య దూరం మాత్రం మారదు. కార్బొనేట్‌లో ఆక్సిజన్‌కూ కార్బన్‌కూ మధ్య దూరం సుమారు 242 ఈవీ. అది సరిపోతే మామూలు కార్బన్ పీక్‌ను 284.8కి జరిపామా లేదా అన్న గొడవ లేకుండానే ధైర్యంగా ఉండొచ్చు.

ఒక విషయం మీరు రాయలేదు. ఎక్స్‌పీఎస్‌కి ఇచ్చింది ఒట్టి పొడా, లేక గడ్డకట్టిన స్లర్రీని ఆరబెట్టిన ముక్కా? ముక్క అయితే ఇప్పటిదాకా చెప్పిన దాంట్లో సగం మారిపోతుంది. పీవీడీఎఫ్‌లోని ఫ్లోరిన్ అంటుకున్న కార్బన్ కూడా 291 దగ్గరే వస్తుంది, కార్బొనేట్‌తో కలిసిపోతుంది. అప్పుడు 688 దగ్గర ఫ్లోరిన్ పీక్ కొలిచి, అందులో సగం కార్బన్‌ను 291 నుంచి తీసేసి, మిగిలింది కార్బొనేట్ అనుకోవాలి. ఇంకో తంటా కూడా ఉంది. ఫ్లోరిన్ ఆజర్ గీతల్లో (ఎలక్ట్రాన్ ఊడిన ఖాళీ నిండేటప్పుడు బయటపడే మరో ఎలక్ట్రాన్ పీక్‌లు) ఒకటి సరిగ్గా 860 దగ్గర, నికెల్ 2పి మీద వచ్చి పడుతుంది. నికెల్ ఉపగ్రహ పీక్ (అసలు పీక్ పక్కన వచ్చే చిన్నది) ఉండేది కూడా అక్కడే. ఇది తెలియక "రెండు ఆవేశాల నికెల్ పెరిగింది" అని రాసిన థీసిస్‌లు నేను దిద్దాను. అసలు నికెల్ 2పిని రెండు గుట్టలుగా విడగొట్టి ఇది ఇంత శాతం, అది ఇంత శాతం అని రాయడమే నాకు నచ్చదు. ఒక్క నికెల్ ఆక్సైడ్‌కే ఆ పీక్ లోపల పలు చీలికలు ఉంటాయి. మీరు ఆ జోలికి పోకండి, వైవాలో ఎవరైనా అడిగితే పోలేదనే చెప్పండి.

ఆర్గాన్ వద్దని ఎందుకన్నానంటే, ఆర్గాన్ అయాన్లతో కొడితే లిథియం కార్బొనేట్ విరిగి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, లిథియం ఆక్సైడ్ మిగులుతుంది. దాని ఆక్సిజన్ పీక్ 528 చిల్లరలో వస్తుంది, స్ఫటికం ఆక్సిజన్ పీక్ పక్కనే. "పైన కార్బొనేట్, కింద లిథియం ఆక్సైడ్ పొర" అని రెండు పొరల బొమ్మ గీసేస్తారు, ఆ రెండో పొర తుపాకీ చేసింది. నికెల్ కూడా దెబ్బకు కిందికి దిగిపోతుంది. గ్యాస్ క్లస్టర్ తుపాకీ (ఒంటరి అయాన్లతో కాక అణువుల గుంపులతో మెల్లగా కొట్టేది) ఉన్న యంత్రమైతే కొంత నయం. నిజంగా లోతు చూడాలంటే ఎక్కువ శక్తి ఎక్స్-కిరణాలతో చూడాలి. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్-కిరణాలిచ్చే పెద్ద యంత్రం) అందుకు బీమ్‌లైన్ ఉంది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు అంత అవసరం లేదు, పీహెచ్‌డీకి వెళితే అప్పుడు చూద్దురు గాని.

దగ్గర్లో ఉన్న ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతి పరీక్ష) మాత్రం వదలకండి. దాని ఏటీఆర్ స్ఫటికం మీద ఒట్టి పొడి పెడితే 1430, 1490 దగ్గర జంట పట్టీ, 865 దగ్గర సన్నని పట్టీ వస్తే కార్బొనేట్. 3675 దగ్గర సూదిలాంటి పట్టీ హైడ్రాక్సైడ్‌ది. ఏటీఆర్ మైక్రాన్ లోతు దాకా చూస్తుంది కాబట్టి దానికే స్పష్టంగా కనిపించిందంటే కార్బొనేట్ బాగానే పేరుకుందన్నమాట. కొత్త సీసా పొడికీ పాత పొడికీ ఒకే రోజు తీసి ఒకదాని మీద ఒకటి వేసి చూపించండి, మీ రిపోర్టులో అందరికీ అర్థమయ్యే బొమ్మ అదే అవుతుంది. రామన్‌లో 1090 దగ్గర కార్బొనేట్ గీత వస్తుంది, కాని నల్ల పొడి లేజర్‌కు కాలిపోతుంది. శక్తి బాగా తగ్గించి పెట్టమనాలి.

నమూనా పంపడం గురించి నా సొంత అవమానం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పొడినే డెసికేటర్‌లో దాచి, జిప్ కవర్లలో వేసుకుని, రాజమండ్రిలో రాత్రి బస్సెక్కి ఎక్స్‌పీఎస్‌కి తీసుకెళ్ళాను. ఫలితంలో 102 దగ్గర సిలికాన్ పీక్ నిలువుగా వచ్చింది. మేం పొడి మీద సిలికా పూత వేయడానికి ప్రయత్నిస్తున్న రోజులవి. పూత అంటుకుందని మూడు రోజులు పండగ చేసుకున్నాం. తీరా చూస్తే పూత వేయని పొడిలోనూ అంతే పీక్. డెసికేటర్ మూతకు రాసే గ్రీజు సిలికోన్‌ది, దాని ఆవిరి పొడి మీద చేరింది. 1072 దగ్గర సోడియం కూడా వచ్చింది, అది నా వేళ్ళ చెమట. అప్పటినుంచి ఏ నమూనా అయినా సర్వే స్కాన్ (అన్ని మూలకాల పీక్‌లూ ఒక్కసారే చూపే స్కాన్) ముందు చూస్తాను, అక్కడ ఉండకూడనివి ఏమున్నాయో వెతుకుతాను, ఆ తర్వాతే కావలసిన పీక్ దగ్గరికి వెళతాను.

కాబట్టి ఈసారి పంపేటప్పుడు పొడిని చిన్న గాజు సీసాల్లో వేసి, ఆర్గాన్ నింపి, మూత మీద పారాఫిల్మ్ చుట్టి, ఆ సీసాను అల్యూమినియం పౌచ్‌లో సీలు వేయండి. గ్లవ్‌బాక్స్ (గాలి చొరకుండా ఆర్గాన్ నింపిన పెట్టె) లేదంటారా, పాలిథిన్ గ్లవ్‌బ్యాగ్‌లో ఆర్గాన్ వదిలి చేసినా బయట గాలి కంటే నయమే. కార్బన్ టేపు మీద చల్లమనకండి. టేపు కార్బన్ వచ్చి మీ కార్బన్ 1ఎస్‌లో కూర్చుంటుంది. ఇండియం రేకులో అదమమని అడగండి. యంత్రంలోకి ఎక్కించేటప్పుడు ఎంతసేపు గాలి తగిలిందో ఆపరేటరును అడిగి రాసుకోండి. యంత్రం ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది, బయటి విద్యార్థులకు సమయమిచ్చే సంస్థలు అందులో కనిపిస్తాయి.

పాత పొడిని ఏం చేయాలంటే, సెల్ కట్టడానికి వాడొద్దు. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌కు తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. అది కార్బొనేట్‌ను తిని లిథియం ఫ్లోరైడ్, కార్బన్ డయాక్సైడ్, మళ్ళీ నీరు ఇస్తుంది. ఆ నీరు మళ్ళీ మొదటికి. పౌచ్ సెల్ అయితే ఉబ్బుతుంది. కాయిన్ సెల్ ఉబ్బు బయటికి కనిపించదు, కెపాసిటీ మాత్రం పడిపోతుంది, మీరు కారణం ఇంకెక్కడో వెతుకుతారు. పరిశ్రమలో నీళ్ళతో కడిగి మళ్ళీ కాలుస్తారు గాని అది ల్యాబులో తేలిక కాదు, కడిగితే ఉపరితలంలో ఇంకో మార్పు వస్తుంది. ఆ పొడిని పారేయకుండా "గాలి తిన్న నమూనా" అని పేరు రాసి ఉంచండి. మీ ప్రాజెక్టులో అదే ఆసక్తికరమైన అధ్యాయం కావచ్చు.

కొత్త పొడి వచ్చాక పది పది గ్రాముల చొప్పున చిన్న సీసాల్లో పంచి, ఒక్కోసారి ఒక్కటే విప్పండి. డెసికేటర్‌లో నీలం సిలికా జెల్ తేమనే పట్టుకుంటుంది, పక్కన గిన్నెలో సోడా లైమ్ కూడా పెడితే కార్బన్ డయాక్సైడ్‌ను పడుతుంది. గ్రీజు లేని మూత చూసుకోండి, ఆయ్. మీకు 811 తప్పనిసరి కాకపోతే గైడ్ గారితో మాట్లాడి నికెల్ తక్కువున్న రకమో, ఎల్‌ఎఫ్‌పీనో (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) తీసుకోండి. మన ఊళ్ళలో గ్లవ్‌బాక్స్ లేకుండా 811తో పని చేయడం అంటే వానలో వడియాలు పెట్టడమే.

టైట్రేషన్ మూడుసార్లు చేసి రీడింగ్‌లు పంపండి. ఎక్స్‌పీఎస్ ఫైలు ఫొటో తీసి పంపకండి, యంత్రం ఇచ్చిన అంకెల ఫైలే పంపండి, సర్వే స్కాన్‌తో సహా. నమూనా పొడో ముక్కో అది కూడా రాయండి.